రెండు కిలోమీటర్ల లోపు

పదకొండవ వారం

తప్పిపోయిన గొర్రెల కోసం కొండ వెనక లోయలోకి దిగిన మెరిన్ ట్రెలోర్, ముప్పయ్యేళ్లుగా ఎవరూ కాపురం లేని రాతి గుడిసె పొగగొట్టంలోంచి పొగ లేవడం కిందటి వారం చూసింది. ఆస్ట్రేలియాలోని విర్రాకీ ఊరి చుట్టుపక్కల మరెక్కడ పొగ లేచినా ఎవరూ తలెత్తి చూడరు. అక్కడ లేస్తే మాత్రం కరెంటు గాలిమరల కంపెనీకి కొండను లీజుకిచ్చిన ఆరు కుటుంబాల కొంప మునుగుతుంది. మనుషులు కాపురం ఉంటున్న ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు గాలిమర నిలబెట్టాలంటే ఆ ఇంట్లో ఉన్నవాళ్లు ఒప్పుకుని సంతకం పెట్టాలని రాష్ట్ర ప్రభుత్వం జూలైలో కొత్త నియమం తెచ్చింది. కొండ మీద రావలసినవి పద్దెనిమిది గాలిమరలు. వాటిలో పదకొండు ఆ గుడిసెకు రెండు కిలోమీటర్ల లోపే పడతాయి. ఆ పదకొండూ పోతే మిగిలిన ఏడింటి కోసం ఏ కంపెనీ రోడ్డు కూడా వెయ్యదు.

కొండ మీది గాలిమరల అనుమతిపై సోమవారం విచారణ. అంతకుముందు శుక్రవారం పదకొండు గంటలకు రాజధాని నుంచి అధికారి వచ్చి, గుడిసెలో నిజంగా మనిషి ఉన్నదీ లేనిదీ చూసి వెళ్తారని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం చేరింది మొదలు కొండ మీది కుటుంబాలు ఒకరింట ఒకరు టీ తాగడం మానేశాయి. ఎవరో ఒకరు లోపలి నుంచే వెన్నుపోటు పొడిచారని ప్రతివాళ్ల నమ్మకం. ఆ ఒకరు ఎవరన్న దగ్గర మాత్రం ఇంటికో పేరు.

మెరిన్ మనసులో ఉన్న పేరు లోపలిది కాదు. రాస్ కెర్నిచ్. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికే ఆమె బండి అతని గేటు ముందు ఆగింది.

రాస్ గొర్రెల దొడ్లో ఉన్నాడు. అరవై దాటిన మనిషి. కొండ కింద చదునైన నేలంతా అతనిది. ఆ నేల మీద గాలి ఆడదు కాబట్టి కంపెనీ అతని గడప తొక్కలేదు. మూడేళ్లుగా ‘మా కొండ మీద గాలిమరలు వద్దు’ అన్న బోర్డు అతని గేటుకు వేలాడుతోంది.

“వచ్చావా? బోర్డు చదివి వచ్చావా, ఎప్పటిలాగే మొహం తిప్పుకుని వచ్చావా?” అన్నాడు రాస్, చేతిలో ఉన్న పొట్టేలును వదలకుండానే.

“చదివాను. రంగు వెలిసిపోయింది. నీ కోపంలాగా లేదు, కొత్తగా వేయించుకో.”

“గొర్రెలకు మేత కొనలేక చస్తుంటే రంగు డబ్బా ఒకటి.”

“గుడిసెలో ఎవర్ని పెట్టావు రాస్?”

అతను పొట్టేలును వదిలేశాడు. అది మందలోకి దూకి కలిసిపోయింది. కుక్క దాని వెంట పోబోతే ఈల వేసి ఆపాడు.

“నేనా? నేనెందుకు పెడతాను? నీతో పోట్లాడాలంటే ఊరి హాల్లో, అందరి ముందు, మైకు పట్టుకుని పోట్లాడతాను. మూడేళ్లుగా చేస్తున్నది అదేగా. దొంగచాటుగా కాపురాలు పెట్టించడం నా వల్ల కాదు. అంత తెలివే ఉంటే ఈ పాటికి మంత్రి అయ్యేవాణ్ని.”

“గుడిసె నీది. నీ తాత కట్టింది.”

“తాత కట్టాడు, మనవడు అమ్మేశాడు. ఈ ఏడు మే మొదట్లో. ఏజెంటు వచ్చి, రాజధానిలో ఎవరో నక్షత్రాలు చూసుకోవడానికి అడుగుతున్నారన్నాడు. చూసుకోమన్నాను. ఆ రాళ్లతో నాకేం పని?”

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“అడిగావా? రోడ్డు మీద ఎదురుపడితే పలకరింపుగా స్టీరింగు మీంచి ఒక్క వేలు కూడా ఎత్తని మనిషికి ఇంటికొచ్చి చెప్పాలా?” రాస్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. “మీ అమ్మ పోయినప్పుడు ఆవిడ శవపేటికకు ఓ వైపు భుజం పట్టినవాణ్ని. అది మర్చిపోయావు. సరే, మర్చిపో. ఒక్క మాట మాత్రం విను. నెల రోజులుగా ప్రతి గురువారం తెల్ల పికప్పు బండి ఒకటి ఆ లోయ దారి పట్టి పోతోంది. మా వాళ్లెవరికీ తెల్ల బండి లేదు. మీ వాళ్లకే అన్నీ తెల్లవి.”

“మా వాళ్లంటే?”

“కంపెనీ. మీకు చుట్టాలేగా ఇప్పుడు.”

మెరిన్ జవాబు చెప్పకుండా బండెక్కింది. దొంగ దొరికిపోయేటప్పుడు పక్కింటివాడి మీదకే వేలు చూపిస్తాడని ఆమెకు తెలుసు. అయినా లోయ దారి మలుపు దగ్గర దిగి చూసింది. మెత్తటి ఎర్రమట్టిలో చక్రాల జాడలున్నాయి. కొత్త టైర్లు. ఊళ్లో కరువు మూడో ఏడు నడుస్తుంటే కొత్త టైర్లు వేయించుకున్నవాళ్లు ఎవరా అని ఒక్కొక్కరినే తలుచుకుంటూ వెళ్లింది. ఒక్క పేరూ తట్టలేదు.

కొండ మీద గాలి ఏడాది పొడవునా ఒకే దిక్కు నుంచి వీస్తుంది. రాజధానిలో గాలి మాత్రం ఎన్నికకో దిక్కు. నాలుగేళ్ల కిందట వచ్చిన మంత్రి గాలిమరలే మన భవిష్యత్తన్నాడు, గాలి కరెంటుకు ఇరవయ్యేళ్లు కనీస ధర ప్రభుత్వమే హామీ ఇస్తుందన్నాడు. ఆ మాట నమ్మి కంపెనీ విర్రాకీ వచ్చింది. కంపెనీని నమ్మి ఆరు కుటుంబాలు లీజు సంతకాలు పెట్టాయి. మెరిన్ భర్త గ్రాంట్ ఉత్తరాన గనుల్లో మూడు వారాలు పని, ఒక వారం ఇల్లు చొప్పున ఎనిమిదేళ్లుగా తిరుగుతున్నాడు. గాలిమరలు వస్తే వాటిని చూసుకునే ఉద్యోగం ఇంటి దగ్గరే దొరుకుతుందని, యాభై ఏళ్ల వయసులో తాళ్లు కట్టుకుని స్తంభం ఎక్కడం నేర్చుకుని పరీక్ష రాసి ప్యాసయ్యాడు. ఆ సర్టిఫికెట్టు వంటింట్లో గోడకు ఉంది. తర్వాత మంత్రి మారాడు. కొత్త మంత్రి గాలిమరల నీడ గురించి, చప్పుడు గురించి మాట్లాడాడు. జూలైలో రెండు కిలోమీటర్ల నియమం వచ్చింది. అదే నెలలో, రాబోయే కనీస ధర హామీ సోలార్‌కూ బ్యాటరీలకూ మాత్రమేనని పేపర్లో పడింది. ఆ రెండో వార్తను కొండ మీద ఎవరూ పట్టించుకోలేదు. మన ఒప్పందం పాతదేగా, మనకేం అనుకున్నారు.

గుడిసె కనిపించేసరికి మెరిన్ ఇంజను ఆపేసి నడిచింది. పైకప్పుకు కొత్త రేకులు. పక్కన కొత్త నీళ్ల ట్యాంకు. గుమ్మం పక్క కిరోసిన్ డబ్బాల్లో నాటిన జెరానియం మొక్కలు. మొక్కలు నాటుకున్నారంటే నాలుగు రోజుల నాటకానికి వచ్చినవాళ్లు కాదు. ఆ ఆలోచన ఆమెకు రుచించలేదు. తలుపు మీద చెయ్యి వెయ్యబోతుంటే లోపల్నుంచి గొంతు వినిపించింది.

“బూట్లు బయటే విప్పు. నేల ఇప్పుడే తుడిచాను.”

ఆ గొంతు మెరిన్‌కు తెలుసు. ఇరవై రెండేళ్లు విన్న గొంతు.

తలుపు తెరుచుకుంది. గ్లెనిస్ నోవాక్ నిలబడి ఉంది. ట్రెలోర్ల షెడ్డులో ఉన్ని కత్తిరించే కాలమంతా పధ్నాలుగు మంది మగాళ్లకు రోజుకు అయిదుసార్లు వండి పెట్టిన మనిషి. తిట్లు లేకుండా కూర వడ్డించడం తెలియని మనిషి. మెరిన్ రెండో కాన్పప్పుడు వర్షానికి వాగు పొంగితే, అంబులెన్సు వచ్చేదాకా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్న మనిషి.

“నువ్వా?” అంది మెరిన్.

“నేనే. రాస్ కెర్నిచ్ పెట్టిన దెయ్యమనుకున్నావా?”

“గ్లెనిస్, నువ్వు ఇక్కడేం చేస్తున్నావు?”

“కాపురం. పొయ్యి, మంచం, నేను. ముగ్గురం సుఖంగా ఉన్నాం. లోపలికొస్తావా, ఈగల్ని రానిస్తూ అక్కడే నిలబడతావా?”

మెరిన్ మేజోళ్లతో లోపలికి వెళ్లింది. ఒకే గది, వెనక చిన్న అర. కట్టెల పొయ్యి మీద కెటిలు మరుగుతోంది. బల్ల మీద అప్పుడే దింపిన రొట్టె. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఆ శుభ్రమే ఆమెకు ఒళ్లు మండించింది.

“నిన్ను ఇక్కడ పెట్టింది ఎవరు?”

“టీలో పాలు పోయనా?”

“ఎవరు పెట్టారని అడుగుతున్నాను! నీకు తెలుసా, నువ్విక్కడ పొయ్యి వెలిగించినందుకు పైన ఆరు కుటుంబాలు ఏమవుతున్నాయో? గ్రాంట్ ఏమవుతాడో?”

గ్లెనిస్ కప్పు ఆమె ముందు పెట్టింది. తను కూర్చోలేదు.

“నేను ఊళ్లో అద్దెకున్న ఇల్లు ఏమైందో నీకు తెలుసా?”

మెరిన్ కప్పు చెవి పట్టుకుని తిప్పింది.

“తెలుసు. ఊరంతటికీ తెలుసు. హైటెన్షన్ లైను త్వరగా పూర్తి కావాలని గవర్నమెంటు తొందరపెట్టింది. మూడొందల మంది పనివాళ్లు దిగారు. ఆస్ట్రేలియా నలుమూలల నుంచీ వచ్చారు పాపం, వాళ్ల తప్పేం లేదు. నేనిచ్చే అద్దెకు మూడింతలు కంపెనీలే ఇస్తామంటే ఇంటాయన నన్నెందుకు ఉంచుతాడు? ఖాళీ చెయ్యమన్నాడు. పదకొండేళ్లున్నాను ఆ ఇంట్లో. అందరి తలుపులూ తట్టాను. ఏప్రిల్ నెలాఖర్లో మీ ఇంటికొచ్చాను. గుర్తుందా?”

గుర్తుంది. ఆ రోజు మెరిన్ గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది. ఉన్ని పనివాళ్లు దిగే గదులు షెడ్డు వెనక ఆరు ఖాళీగానే ఉన్నాయి. కానీ కంపెనీ సర్వేయర్లకు కావాలని అంతకు ముందు రోజే అడిగారు.

“కంపెనీ వాళ్లకు మాటిచ్చేశాను, గ్లెనిస్. ఆ రోజూ అదే చెప్పాను.”

“చెప్పావు. ఎంత మర్యాదగా చెప్పావో! చేతిలో కేకు ముక్క కూడా పెట్టావు, దారిలో తినమని. ఆ సర్వేయర్లు ఎన్నాళ్లున్నారు?”

“ఆరు వారాలు.”

“తర్వాత?”

తర్వాత గదులకు తాళాలు పడ్డాయి. గ్లెనిస్‌ను పిలవాలని మెరిన్‌కు తట్టలేదు. తట్టలేదనడం కూడా నిజం కాదు. ఒకటి రెండుసార్లు తట్టింది. రేపు ఫోను చేద్దాం అనుకుంది.

“మే నుంచి ఆగస్టు దాకా చలికాలమంతా సంత మైదానంలో నా వ్యానులో పడుకున్నాను. పొద్దున లేచేసరికి అద్దాలకు లోపలి వైపు మంచు పేరుకునేది. మీరంతా హాల్లో మీటింగులు పెట్టుకునేవాళ్లు. ‘ఊరి భవిష్యత్తు’ అని బయట బోర్డు. ఆ హాలు బాత్రూములోనే నేను మొహం కడుక్కునేదాన్ని. మీలో ఒక్కరు అడిగారా, గ్లెనిస్, నీ భవిష్యత్తు ఎక్కడ పడుకుంటోందని?”

కెటిలు మూత గలగలలాడింది. గ్లెనిస్ దాన్ని పక్కకు జరిపింది.

మెరిన్ ఒక గుక్క టీ తాగింది. కోపంతో వచ్చింది. ఇప్పుడు ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా అడగడం మానలేదు. మానితే సోమవారం ఆగదు కదా.

“తప్పే,” అంది చివరికి. “నా తప్పే. కాదనను. కానీ నీకు ఈ గుడిసె ఇచ్చిన మనిషి జాలిపడి ఇవ్వలేదు. అది నీకూ తెలుసు. ఎవరు?”

గ్లెనిస్ బిస్కట్ల డబ్బా ముందుకు జరిపింది. “నువ్వు చెప్పు చూద్దాం. మీ గదులు సర్వేయర్ల కోసం అడిగింది ఎవరు?”

“జూలియన్ ఫార్.”

“మేలో వచ్చాడు నా వ్యాను దగ్గరికి. నా కష్టం మీ ఇంట్లోనే విన్నాడట. కొండ మీద ఎవరికీ చెప్పకండి, వాళ్లు నొచ్చుకుంటారు, మీకో చిన్న ఇల్లు చూశాను, రేకులు వేయించి పొయ్యి బాగు చేయించేసరికి కాస్త టైం పడుతుంది అన్నాడు. బతికున్నంత కాలం ఉండొచ్చట. అద్దె లేదట. ఒక కాగితం మీద సంతకం పెడితే చాలట. సెప్టెంబరు మొదట్లో తాళంచెవి తెచ్చిచ్చాడు. అప్పట్నుంచి గురువారం గురువారం సరుకులు తెస్తున్నాడు. మంచి బిస్కట్లు తెస్తాడు. ఇదిగో, తిను.”

మెరిన్ డబ్బా వెనక్కి నెట్టింది.

జూలియన్ ఫార్ కంపెనీకీ కొండ మీది కుటుంబాలకూ మధ్య మనిషి. మూడేళ్లుగా మెరిన్ వంటింట్లో కూర్చుని స్కోన్ కేకులు తిన్నవాడు. తల్లి చచ్చిన గొర్రెపిల్లకు సీసాతో పాలు పట్టినవాడు. గ్రాంట్ పరీక్ష ప్యాసైన రోజు అందరికంటే ముందు ఫోను చేసినవాడు. నాలుగు రోజుల కిందట కూడా బల్ల మీద చెయ్యి వేసి, ‘ఇది రాస్ పనే. గుడిసె దగ్గరికి మాత్రం మీరెవరూ వెళ్లకండి. లాయర్లు చూసుకుంటారు’ అన్నవాడు.

“అబద్ధం,” అంది. “సొంత ప్రాజెక్టును వాడే ఎందుకు చంపుకుంటాడు?”

“అది నాకేం తెలుసు? నేను వంటదాన్ని.”

కానీ మెరిన్‌కు తెలుస్తోంది. లీజు కాగితం ఆమె ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. కంపెనీ తనంతట తాను వెనక్కి పోతే ఆరు కుటుంబాలకూ నష్టం కట్టివ్వాలి. చట్టం అడ్డొచ్చి ఆగిపోతే ఎవరికీ ఏమీ ఇవ్వనక్కర్లేదు, ఒప్పందం దానంతటదే రద్దు. గాలికి హామీ ధర పోయింది. ఎండకు వచ్చింది. సోలార్ పలకలకు కొండ ఎందుకు? కొత్త లైనుకు ఆనుకుని, కింద చదును నేల ఎంత కావాలంటే అంత ఉంది. కొండను చేతికి మట్టంటకుండా వదిలించుకోవాలంటే కావలసింది ఒక ఇల్లు, అందులో ఒక మనిషి. పోవడానికి మరో చోటు లేని మనిషి.

గదులు అడిగిందీ అతనే. గుడిసె ఇచ్చిందీ అతనే. మధ్యలో గ్లెనిస్‌ను గుమ్మంలోంచి పంపేసింది మాత్రం తను.

“ఆ కాగితంలో ఏముంది?”

గ్లెనిస్ నోరు తెరిచేలోగా బయట బండి ఆగిన చప్పుడైంది. ఆ వెనకే ఇంకొకటి. మెరిన్ కిటికీలోంచి చూసింది. ముందు ప్రభుత్వపు బూడిదరంగు కారు. వెనక తెల్ల పికప్పు.

“పదకొండు అయినట్టుంది,” అంది గ్లెనిస్. “వెనక అరలోకి పోతావా? నిన్ను చూడలేదంటాను.”

“పోను.”

“ఫార్ ఉన్నాడు.”

“ఉండనీ.”

లోపలికి వచ్చిన అధికారి పేరు ఆంథియా డూకాస్. నలభై అయిదేళ్లుంటాయి. నల్లటి జుట్టు బిగించి ముడేసుకుంది. గ్లెనిస్ చెప్పకుండానే బూట్లు గుమ్మం దగ్గర విప్పింది. ఆమె వెనక జూలియన్ ఫార్. మెరిన్‌ను చూసి అతని చిరునవ్వు ఒక్క క్షణం కూడా చెదరలేదు. 

“అరె, మెరిన్! మీరూ వచ్చారా? మంచిదే, మన తరఫున ఒకరుండాలి,” అన్నాడు.

“ఎవరి తరఫున?” అంది మెరిన్.

అతను విననట్టు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు.

ఆంథియా ఫైలు తెరిచింది. పడక చూసింది, పొయ్యి చూసింది, ట్యాంకు చూసి వచ్చింది. అన్నీ రాసుకుంది. ఆమె ఎవరి పక్షమో పట్టుకోవాలని మెరిన్ ఆ మొహంలోకి చూస్తూనే ఉంది. ఏమీ దొరకలేదు.

“నోవాక్ గారూ, నేను అడిగేవి మూడే ప్రశ్నలు. మీరు ఇక్కడే ఉంటున్నారా?”

“ఉంటున్నాను.”

“చుట్టూ రెండు కిలోమీటర్ల లోపు గాలిమరలకు ఒప్పుకుంటున్నారా?”

“దానికి సంతకం పెట్టేశాను, వద్దని.”

“ఈ ఇల్లు మీకెలా వచ్చింది?”

ఫార్ గొంతు సవరించుకున్నాడు. “ఆంథియా గారూ, అది ఆవిడ సొంత విషయం కదా. పెద్దావిడ. ఎన్నో ఇబ్బందులు పడ్డారు. ఇప్పుడు మళ్లీ నీడ పోతుందేమోనన్న భయం పెట్టడం ఎందుకు?”

ఆ మాట మెత్తగానే అన్నాడు. కానీ ‘నీడ పోతుంది’ అన్నప్పుడు అతను చూసింది గ్లెనిస్ వైపు.

గ్లెనిస్ అతన్ని పట్టించుకోలేదు. మెరిన్ వైపు తిరిగింది. “ఈ రేకులు పోతే నేనెక్కడికి పోవాలి?”

“మా గదులున్నాయి. ఇవాళే రా. కాగితం రాసిస్తాను,” అంది మెరిన్.

“ఇవాళ ఇస్తావు. ఇవాళ నీకు నాతో పనుంది.” గ్లెనిస్ నవ్వింది, కానీ ఆ నవ్వులో సరదా లేదు. “ఇతను ఇచ్చిందీ పని పడే. మీ ఇద్దరి ఇళ్లూ మీ దగ్గరే ఉంచుకోండి. నాకు వ్యాను ఉంది. చలికాలం ఎలాగూ పోయింది.”

గ్లెనిస్ పిండి డబ్బా మూత తీసి, లోపల్నుంచి మడత పెట్టిన కాగితం తీసింది. ఆంథియా ముందు పెట్టింది.

“ఇల్లు ఇచ్చింది ఇదిగో ఈ ఫార్ గారు. ఇవ్వడానికి ముందు సంతకం పెట్టించుకున్నది ఇది. నాకొక కాపీ కావాలంటే, మీకెందుకండీ అన్నాడు. పధ్నాలుగు మంది మగాళ్లకు ఇరవై రెండేళ్లు వండిపెట్టాను, ఏ కాగితం ఎందుకు దాచుకోవాలో నాకు తెలుసు అన్నాను.”

ఫార్ లేచి నిలబడ్డాడు. “అది వ్యక్తిగత ఒప్పందం. దాన్ని చదివే అధికారం మీకు—”

“కూర్చోండి,” అంది ఆంథియా.

కాగితాన్ని ఆమె మెల్లిగా చదివింది. మెరిన్ ఆమె భుజం మీంచి చూసింది. ‘పై ఇంటిలో శాశ్వతంగా నివాసముంటున్న నేను, ఈ ఇంటికి ఏ గోడ నుంచి కొలిచినా రెండు కిలోమీటర్ల లోపు గాలిమరలు నిలుపుటకు సమ్మతించుట లేదు.’ కింద గ్లెనిస్ పెద్ద పెద్ద అక్షరాల సంతకం. పక్కన ఆమె చేత్తోనే వేసిన తేదీ.

మెరిన్ తేదీని రెండుసార్లు చదివింది.

“మే పన్నెండు,” అంది పైకి. “గ్లెనిస్, ఈ తేదీ సరైనదేనా?”

“సరైనదే. మా చెల్లెలి పుట్టినరోజు. ఆ రోజు దానికి ఫోను చేసి, నాకు ఇల్లు దొరికిందని చెప్పాను.”

“నియమం వచ్చింది జూలైలో.” మెరిన్ ఫార్ వైపు తిరిగింది. తన గొంతు ఇంత నెమ్మదిగా ఉండటం ఆమెకే వింతగా ఉంది. “మేలో రెండు కిలోమీటర్ల మాటే లేదు జూలియన్. ఒక్క కిలోమీటరు అని కొందరు, అసలేమీ ఉండదని కొందరు. పేపర్లో లేదు, ఎక్కడా లేదు. ఇంట్లో ఉన్నవాళ్ల సంతకం కావాలని కూడా లేదు. పుట్టని నియమానికి నువ్వు రెండు నెలల ముందే మనిషిని వెతుక్కున్నావు. నీకెవరు చెప్పారు?”

“ఊహించాం. పరిశ్రమలో అందరూ ఊహిస్తారు,” అన్నాడు ఫార్. ఇప్పుడు చిరునవ్వు లేదు. “ప్రభుత్వాలు ఎటు పోతాయో ఊహించడమే మా పని.”

“ఊహించలేదు,” అంది ఆంథియా.

ముగ్గురూ ఆమె వైపు చూశారు. ఆమె కాగితం మీంచి తల ఎత్తలేదు. 

“‘ఏ గోడ నుంచి కొలిచినా’. ఈ మాట ఇప్పుడున్న నియమంలో లేదు. లాయర్లు కొట్టేశారు. మొదటి చిత్తుప్రతిలో మాత్రమే ఉంది.” ఆమె వేలు ఆ వాక్యం కిందుగా నడిచింది. “ఈ వాక్యం నాది. ఏప్రిల్లో నేనే రాశాను.”

“మీరా?” మెరిన్ ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంతసేపూ ఏ పక్షమో తెలియని ఆ మొహం ఇప్పుడు తెలిసినట్టే అనిపించింది. “అయితే ఇతనికి ఇచ్చింది మీరే!”

“ఇతన్ని నేను ఇవాళ, ఈ గుమ్మం దగ్గర మొదటిసారి చూశాను.” ఆంథియా ఫైలు మూసి, ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టకుండా తన కోటు లోపలి జేబులో పెట్టుకుంది. “ఆ చిత్తుప్రతి నేను ఒక్కరికే ఇచ్చాను ట్రెలోర్ గారూ. సోమవారం విచారణలో మీ అందరి ఎదురుగా తీర్పు చెప్పే కుర్చీలో కూర్చోబోయేది ఆయనే.”